రెండో గిన్నె

జూన్ 2, ఆదివారం

అక్క పది రోజుల కిందట చర్చిలో స్టూలు మీంచి పడి తుంటి విరగ్గొట్టుకుంది. కిటికీ అద్దం మీద మరక ఉందట. అరవై ఎనిమిదేళ్ల మనిషి స్టూలెక్కి తుడవాల్సినంత మరక నాకెప్పుడూ కనపడలేదు. ఆపరేషన్ అయింది, మొన్న ఇంటికి తెచ్చాను. కొన్నాళ్లపాటు కాలు కింద పెట్టకూడదన్నారు. మనిషి మంచం మీద ఉన్నా నోరు మాత్రం లేచి తిరుగుతూనే ఉంది.

దాంతో గిన్నె నా మెడకు చుట్టుకుంది.

నెలకోసారి, మొదటి ఆదివారం ప్రభువు బల్ల. అందరూ వరసలో వచ్చి ఒక్క గిన్నెలోనే తలా ఓ గుక్క ద్రాక్షరసం, పులిసిన అసలుదే, తాగుతారు. అంతా అయ్యాక మిగిలింది పారబొయ్యకూడదు. గిన్నె చూసుకునే మనిషి దాన్ని వెనక గదిలోకి తీసుకెళ్లి, ఆఖరి చుక్కదాకా తాగి, కడిగి, బీరువాలో పెట్టాలి. అమ్మ తాగింది, అమ్మ తర్వాత అక్క తాగింది. నా వంతు వస్తుందని నేనెప్పుడూ అనుకోలేదు, ఎందుకంటే అక్కకు ఏమైనా కాగలదని అనుకోలేదు.

పళ్ల సెట్లు కట్టే మనిషికి ఈ పని పెట్టకూడదు. ఊళ్లో సగం నోళ్ల అచ్చులు నా చేతుల్లోంచి వెళ్లినవే. నోట్లో ఏముంటుందో తెలిసినవాళ్లు ఇంకొకళ్ల ఎంగిలి గ్లాసు ముట్టుకోరు. అందుకే ఇన్నేళ్లూ ముందు బెంచీలో కూర్చుని వరసలో అందరికంటే ముందు నిలబడేదాన్ని. జనం అది భక్తి అనుకుంటారు. నేనూ కాదనలేదు.

ఇవాళ కళ్లు మూసుకుని తాగాను. రెండు గుక్కలే. ఏమీ కాలేదు. ఇంటికొచ్చి ఉప్పునీళ్లతో పుక్కిలించి, మళ్లీ పుక్కిలించాను. లోపల్నుంచి అక్క, "ఏమే, పళ్లు రాలగొట్టుకుంటావా, నీ సెట్టు నువ్వే కట్టుకోవాలి" అంది.

జూన్ 9, ఆదివారం

పాస్టరుగారు చర్చి గేటుకు బోర్డు కట్టించారు. "అందరికీ స్వాగతం." కుర్రవాడు, వచ్చి ఏడాది కూడా కాలేదు. అంతకుముందు మేం ఎవరినీ రావద్దన్నది లేదు. ఎవరూ రాలేదు, అంతే.

ఇవాళ ఆరుగురు వచ్చారు. వీధి చివర హాస్టల్ ఉంది, జైలు నుంచి విడుదలైనవాళ్లు ఏదో ఒక దారి దొరికేదాకా తలదాచుకునేది. అక్కడివాళ్లు. ఎడమవైపు ఆఖరి బెంచీలో ఇరుక్కుని కూర్చున్నారు. వాళ్ల ముందరి బెంచీ ఖాళీగా ఉన్నా జరగలేదు. వాళ్లలో ఒకాయన గోడలకు రంగులు వేస్తాడట, చొక్కా మోచేతుల దగ్గర తెల్ల మరకలు. యాభై దాటి ఉంటాయి. పైన ముందు పళ్లు నాలుగు లేవు. పాటలో పెదాలు కదుపుతున్నాడు గాని గొంతు బయటికి రావడం లేదు.

ట్రెజరరు గారు ఆరుగురికీ చెయ్యి కలిపారు. ఆ తర్వాత జేబురుమాలు తీసి చాలాసేపు కళ్లజోడు తుడుచుకున్నారు. రిటైరైన హెడ్మిస్ట్రెస్ గారు పక్కన పెట్టుకున్న హ్యాండ్‌బ్యాగు తీసి ఒళ్లో పెట్టుకున్నారు. నేను వాళ్లను చూసి నవ్వాను. మనస్ఫూర్తిగానే నవ్వాననుకుంటున్నాను.

జూన్ 12, బుధవారం

ట్రెజరరు గారి కింది సెట్టు మళ్లీ విరిగింది. ఎప్పట్లాగే వెనక తలుపు నుంచి వచ్చి, సెట్టును కాగితంలో చుట్టి ఇచ్చి, నోరు బిగించుకుని వెళ్లారు. ఆయనకు ఒక్క సొంత పన్ను లేదని భార్యకైనా తెలుసో లేదో. సెట్టు కడగరు. ఎన్నోసార్లు చెప్పాను. చేతి తొడుగులు రెండు జతలు వేసుకుని పని చేశాను.

హెడ్మిస్ట్రెస్ గారి చిగుళ్ల సంగతి రాయను. వృత్తిధర్మం అనేది ఒకటుంది.

జూన్ 23, ఆదివారం

పాస్టరుగారు పీఠం మీంచి చెప్పారు: కొత్తగా వచ్చిన మన సోదరులు లోపలుండగానే బాప్తిస్మం తీసుకున్నారు, అంచేత జులై మొదటి ఆదివారం మనతోపాటు బల్లకు వస్తారు. ఎవరో ఒకరు ఆమేన్ అన్నారు. ఆ ఒక్కరూ ఎవరో తిరిగి చూశాను. హాస్టల్ వంటమనిషి, మా సంఘంలోదే.

ఇంటికొచ్చాక తలనొప్పి. ఎండ వల్ల.

జూన్ 26, బుధవారం

సంఘపెద్దల మీటింగు. నేను పెద్దను కాను, అయినా రమ్మన్నారు. ట్రెజరరు గారు చాలా మెత్తగా మాట్లాడారు. ఆయనకేమీ అభ్యంతరం లేదట, క్షమించడం మన ధర్మమట, కాకపోతే ఆరోగ్యం అనేది ఒకటుందట. లోపల ఎలాంటి రోగాలుంటాయో మనకేం తెలుసు, తెలిసినవాళ్లను అడుగుదాం అన్నారు. అందరూ నా వైపు తిరిగారు.

ఉన్నమాట చెప్పాను. చిగుళ్ల జబ్బులు ఎలా పాకుతాయో, పెదవుల పుండ్లు ఎలా అంటుకుంటాయో, పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పాను. ఒక్క మాట కల్పించలేదు. ఇన్నేళ్ల అనుభవంలో నన్ను సంఘం ఒక విషయం అడగడం ఇదే మొదలు. గొంతు కాస్త పెద్దదైంది కూడా.

పాస్టరుగారు అడిగారు, "వాళ్ల నోళ్లు మీరు చూశారా అమ్మా?" అని.

చూడక్కర్లేదన్నాను.

రెండో గిన్నె ఆలోచన నాదే. బీరువాలో ఒకటుంది, ఎప్పుడో ఎవరో కానుకగా ఇచ్చింది, ఏనాడూ వాడలేదు. కుడివైపు బెంచీలవాళ్లకు ఒకటి, ఎడమవైపు వాళ్లకు ఒకటి. ఎవరినీ వేరు చేసినట్టు కాదు, వరస కూడా త్వరగా కదులుతుంది. ట్రెజరరు గారు ఇంత చక్కటి ఆలోచన ఇన్నాళ్లూ ఎవరికీ రాలేదేమా అన్నారు. పాస్టరుగారి పరిస్థితి కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కాసేపు బల్ల గుడ్డ అంచు సవరించి, సరే అన్నారు.

జూన్ 27, గురువారం

ఉన్నమాటే చెప్పాను.

జూన్ 28, శుక్రవారం

పెదవి దాటితే పృథివి దాటుతుందంటారు. మంచం దిగని అక్కకు కూడా తెలిసిపోయింది. వరస త్వరగా కదలడానికని చెప్పాను.

"ఎవరికే అంత తొందర?" అంది.

నేను దిండు సర్దుతున్నాను. ఆగి, మళ్లీ అడిగింది. "అయితే రెండో గిన్నెలో మిగిలింది ఎవరు తాగుతారు?"

దేవుడి సాక్షిగా ఆ సంగతి నాకు తట్టలేదు. ఆ మీటింగులో అంతమంది పెద్దలున్నారు, ఒక్కళ్లకూ తట్టలేదు. ఆ ఆరుగురి ఎంగిలి నాకు తగలకూడదని నేనే ఒక గిన్నె విడిగా పెట్టించి, దాన్ని నా నోటికే తెచ్చుకున్నాను. అక్క తుంటి నొప్పి పుట్టేదాకా నవ్వింది. నవ్వి నవ్వి, మాత్ర ఇయ్యవే అంది.

తక్కువ పోస్తాను. ఆరుగురికి సరిపడా పోస్తే చాలు. మిగలదు.

(పైన ఒక వాక్యం రాశాను, ఆ ఆరుగురి ఎంగిలి అని. కొట్టెయ్యాలి. వరస కోసమే కదా.)

జులై 1, సోమవారం

రంగులాయన నా పనిగదికి వచ్చాడు. పాస్టరుగారు పంపారట. గుమ్మం దగ్గరే నిలబడి, ఆదివారం లోపల ముందు పళ్లు కట్టడానికి వీలవుతుందా, డబ్బులు కూలి రాగానే ఇస్తా అన్నాడు. అంత తొందరేమిటన్నాను. పెళ్లిచూపులా అని కూడా అన్నాను. నా నోరు అలాంటిది.

ఆయన నవ్వలేదు. "పళ్లు లేకపోతే పెదవి సరిగ్గా ఆనదు మేడం. నీళ్లు తాగినా పక్కనుంచి కారతాయి. గిన్నెలోకి తిరిగి పడతాయేమోనని. ఆఖర్న మీరే తాగుతారంటగా, పాస్టరుగారు చెప్పారు. మీకు ఇబ్బంది కాకూడదు."

కుర్చీలో కూర్చోమన్నాను. నోరు తెరవమన్నాను. ఆ ఖాళీ తప్ప మిగతా పళ్లన్నీ గట్టిగా ఉన్నాయి. చిగుళ్లు గులాబీ రంగులో, ఎక్కడా వాపు లేదు. ఇంత శుభ్రమైన నోరు ఈ ఏడాదిలో చూడలేదు. ఎలా అని అడిగితే, లోపల పొద్దున్నా సాయంత్రం పళ్లు తోముకోవడం తప్ప ఇంకేం పనుంటుంది అన్నాడు. అచ్చు తీసుకున్నాను. అచ్చు గట్టిపడేదాకా ఆయన మాట్లాడటానికి లేదు, నాకు మాట్లాడటానికి ఏమీ లేదు.

వెళ్లేముందు చెప్పాడు. "పదకొండేళ్లు నా గ్లాసు మీద నా నంబరుండేది. ఎవరి గ్లాసు వాళ్లదే, కలవడానికి లేదు. మా అమ్మ తాగి ఇచ్చిన గ్లాసులో తాగిందే ఆఖరు. నలుగురు తాగినదాంట్లో తాగాలని ఉంది మేడం. అంతే."

రెండు గిన్నెల సంగతి ఆయనకు ఎవరూ చెప్పలేదు. నేనూ చెప్పలేదు.

జులై 5, శుక్రవారం

పళ్లు బిగించాను. రంగు కుదిరింది. అద్దం ఇచ్చి, నీళ్ల గ్లాసు ఇచ్చాను. చుక్క కారలేదు. డబ్బులు వద్దన్నాను. పుణ్యానికి కాదు, రసీదు రాసే ఓపిక లేక.

జులై 7, ఆదివారం

వరసగా రాస్తాను.

ఎడమ గిన్నెలో తక్కువ పోద్దామని ముందే వెళ్లాను. పాస్టరుగారు అప్పటికే రెండూ నిండుగా పోసి ఉంచారు. ఒక్కోటి సగం సంఘానికి కదా అన్నారు. ఎడమ గిన్నె ఆయన పట్టుకుని నిలబడ్డారు. కుడి గిన్నె ట్రెజరరు గారు పట్టుకున్నారు. కొత్త గిన్నె బాగా మెరుస్తోంది, నేనే తోమాను.

వరసలు లేచాయి. ఎడమవైపు బెంచీల్లో పుట్టినప్పటినుంచీ కూర్చున్నవాళ్లు, తాతల నాటినుంచీ అక్కడ తప్ప ఇంకెక్కడా కూర్చోనివాళ్లు, నడవలోకి వచ్చి, మెల్లగా, దారిలో నీటి గుంట తప్పించుకున్నట్టు కుడి వరసలోకి జరిగారు. ఒకళ్లు జరిగారని ఇంకొకళ్లు. ఎవరూ ఎవరి మొహమూ చూసుకోలేదు. హాస్టల్ వంటమనిషి మంచం మీదున్న అక్కకు తోడుగా మా ఇంట్లో ఉంది, లేకపోతే ఆవిడైనా నిలబడేది. నేను ఎప్పట్లాగే ముందు నిలబడ్డాను. ముందు బెంచీ కుడివైపుది. అది నా తప్పు కాదు.

ఎడమ వరసలో ఆరుగురు. చిటికెలో అయిపోయింది. రంగులాయన అందరికంటే ఆఖర్న తాగాడు. తాగి, వెనక్కి తిరిగి చూశాడు, తన తర్వాతివాళ్లకు దారి ఇద్దామని. వెనక ఎవరూ లేరు. ఆ తర్వాత పాస్టరుగారు గిన్నె పట్టుకుని అలాగే నిలబడ్డారు. కుడి వరస గుమ్మందాకా ఉంది. చాలాసేపు నిలబడ్డారు.

వెనక గదిలో బల్ల మీద రెండు గిన్నెలు. కుడిదాంట్లో అడుగున తడి. ఎడమది దాదాపు నిండుగా ఉంది. ఉండదా మరి, సగం సంఘానికి పోసింది ఆరుగురే తాగితే.

నేను ఒక్కదాన్నే తాగలేను. తాగలేనంటే, అంతా తాగలేనని. గిన్నె పట్టుకుని, ఆరాధన అయ్యాక అందరూ టీ తాగే చోటికి వచ్చాను. పాస్టరుగారు గేటు దగ్గర ఎవరినో సాగనంపుతున్నారు. ట్రెజరరు గారు ఎదురుపడ్డారు. ఇంత మిగిలింది, ఏం చెయ్యమంటారన్నాను.

"దానికేముందమ్మా, మొక్కల్లో పోసెయ్యండి" అన్నారు.

గొంతు తగ్గించి కూడా చెప్పలేదు. తలుపు దగ్గర రంగులాయన ఉన్నాడు. ముసలాళ్లు బయటికి వెళ్తుంటే తలుపు రెక్క పట్టుకుని నిలబడ్డాడు. నా చేతిలో గిన్నె చూశాడు, నన్ను చూశాడు. తలుపు వదల్లేదు. ఆఖరి ముసలాయన దాటేదాకా పట్టుకుని, నెమ్మదిగా మూసి, వెళ్లిపోయాడు.

నేను వెనక గదిలోకి వెళ్లి తాగాను. నియమం కాబట్టి. కూర్చుని తాగాల్సి వచ్చింది. ఏ రుచీ లేదు, ద్రాక్షరసం రుచి తప్ప.

ఇంటికి వచ్చేసరికి అడుగులు తడబడ్డాయి. అక్క నన్ను ఎగాదిగా చూసి ఏమీ అడగలేదు. అక్క అడగకపోవడం ఇదే మొదలు. పుక్కిలించడం మర్చిపోయాను.

జులై 14, ఆదివారం

ఆఖరి బెంచీ ఖాళీ.

పాపం, ఇలాంటిచోట కుదురుగా కూర్చోవడం అలవాటుండదు కదా అన్నారు ట్రెజరరు గారు. నాకూ అదే అనిపించింది.

అనిపించలేదు. ఎందుకు రాశానో తెలియదు.

జులై 17, బుధవారం

పళ్లు ఒరుసుకుంటున్నాయేమో చూద్దామని హాస్టల్‌కు వెళ్లాను. వేరే పనేం లేదు.

రంగులాయన వరండా గోడకు సున్నం కొడుతున్నాడు. స్టూలు తెచ్చి వేశాడు. నోరు చూశాను. ఎక్కడా ఒరుసుకోలేదు. చూడటం అయిపోయాక లేవాలి, లేవలేదు. ఆయన బ్రష్ కడుక్కుంటూ, గోడ వైపే చూస్తూ అన్నాడు.

"మళ్లీ మా గ్లాసు మాదే అయింది మేడం."

నేను చేతి తొడుగులు విప్పి సంచిలో పెట్టుకున్నాను.

"ఇంతకీ మొక్కల్లో పోశారా?"

"తాగాను."

"అంతానా?"

"అంతా. తల తిరిగింది."

ఆయన బ్రష్ పక్కన పెట్టి కాసేపు నన్నే చూశాడు. నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "మీకెందుకండీ అంత కష్టం" అన్నాడు. నన్ను చూసి జాలిపడ్డాడు. అప్పుడు సిగ్గేసింది. ఒళ్లంతా సిగ్గేసింది. పెద్దల ముందు గొంతు పెంచి మాట్లాడిన నోరు ఇదేనా అనిపించింది. రెండో గిన్నె పెట్టించింది నేనేనని చెప్పాను. తెలుసన్నాడు. పాస్టరుగారు ఆ రోజే వచ్చి, ఒప్పుకున్నందుకు తన తప్పేనని వాళ్లందరికీ చెప్పారట. నా మాట ఎత్తలేదట. అయినా పళ్లు కట్టేటప్పుడు నా మొహం చూసి ఏదో ఉందనుకున్నాడట.

వచ్చే నెల రమ్మన్నాను. వస్తాం, కూర్చుంటాం, గిన్నె దగ్గరికి మాత్రం రామన్నాడు.

ఆగస్టు 2, శుక్రవారం

పాస్టరుగారికి చెప్పాను, రెండో గిన్నె బీరువాలోంచి తియ్యనని. వరస ఆఖరి బెంచీ నుంచి మొదలుపెట్టమని కూడా అన్నాను. ఆయన ఈసారి గుడ్డ అంచు సవరించలేదు. ట్రెజరరు గారు ఫోన్ చేశారు. మీరే కదా ఆరోగ్యం అన్నారు అని. నోళ్లు చూడకుండా చెప్పానండీ, ఇప్పుడు ఒకటి చూశాను అన్నాను. ఎవరి నోళ్లు ఎలా ఉంటాయో మీకంటే నాకు ఎక్కువ తెలుసు అని కూడా అన్నాను. ఆయన ఫోన్ పెట్టేశారు. వృత్తిధర్మం దాటలేదు. దాని అంచుదాకా వెళ్లాను.

అక్క, "నోరు మంచిదైతే ఊరు మంచిది అంటారు. నీకు మంచి నోరు రావడానికి అరవై ఏళ్లు పట్టింది" అంది. నాకింకా యాభై తొమ్మిదే.

ఆగస్టు 4, ఆదివారం

ఆరుగురూ వచ్చారు. బల్లకు పిలిచినప్పుడు, ఈ రోజు ఎడమవైపు ఆఖరి బెంచీ నుంచి రండి అన్నారు పాస్టరుగారు. ఎవరూ కదల్లేదు. ఆరుగురూ కిందికి చూస్తున్నారు. చర్చి మొత్తం ముందుకే చూస్తోంది.

నేను ముందు బెంచీ నుంచి లేచాను. నడవ అంత పొడుగుందని ఎప్పుడూ అనుకోలేదు. ఆఖరి బెంచీ దగ్గర ఆగి రంగులాయనతో చెప్పాను. "మీరు లేస్తే మీ వెనక నేను తాగాలి. నిలబడి ఉన్నాను."

ఆయన నా మొహం వెతికినట్టు చూశాడు. లేచాడు. మిగతావాళ్లు లేచారు. వాళ్లు ఐదుగురు ముందు, తర్వాత ఆయన, తర్వాత నేను. గిన్నె అందుకున్నాక అంచు పక్కకు తిప్పి తాగడం నా అలవాటు. ఇవాళ తిప్పడం మర్చిపోయాను. మర్చిపోయాననే రాస్తున్నాను.

మా వెనక వంటమనిషి వచ్చింది. తర్వాత చాలాసేపు ఎవరూ లేరు. తర్వాత హెడ్మిస్ట్రెస్ గారు, బ్యాగు బెంచీ మీదే వదిలేసి. ఆవిడ వెనక కొందరు. సగం బెంచీలు లేవలేదు. ట్రెజరరు గారు పాటల పుస్తకం తెరుచుకుని, పాట లేని చోట పాట చూస్తూ కూర్చున్నారు. ఆయన భార్య లేవబోయి, ఆయన్ని చూసి, మళ్లీ కూర్చుంది.

తమ చోటికి వెళ్లాక రంగులాయన భుజాలు చాలాసేపు కదిలాయి. పక్కాయన ఆయన వీపు మీద చెయ్యి వేశాడు. నేను అటు చూడటం మానేశాను.

వెనక గదిలో గిన్నె సగానికి పైగా ఉంది. రానివాళ్ల వంతు అది. నాకు వాళ్లు చిన్నప్పటినుంచీ తెలుసు, నోళ్లతో సహా. తలుపు వేసుకుని కూర్చుని, ఒక్కొక్కళ్లనే తలుచుకుంటూ ఒక్కొక్క గుక్క తాగాను. ట్రెజరరు గారి భార్య వంతు తాగాను. వాళ్ల వెనక బెంచీవాళ్లవి తాగాను. ట్రెజరరు గారి వంతు ఆఖరికి ఉంచాను. అన్నిటికంటే అదే కష్టంగా దిగింది.